మురుగు ఎవరిదో తేల్చండి, ఆ తర్వాత రైతును అడగండి

మూసీ నీళ్లతో పండిన ఆకుకూర తింటే రోగాలు వస్తాయని ప్రతి ఏడాదీ పత్రికల్లో కథనాలు వస్తాయి. టీవీ విలేకరి మడి గట్టు మీద నిలబడి పాలకూర కట్ట పైకెత్తి చూపిస్తాడు. ఆ కథనంలో దోషి ఎప్పుడూ ఒకరే. మోకాలి లోతు నల్లనీళ్లలో నిలబడి కట్టలు కడుతున్న రైతు, పక్కనే కూలికి వచ్చిన ఆడమనిషి. ఆ నీళ్లు నల్లగా ఎందుకున్నాయి, అందులో కలిసిన మలం ఎవరిది, ఏ నాలాలోంచి వచ్చింది అని అడిగిన పాపాన ఎవరూ పోరు. అధికారులను అడిగితే జవాబు సిద్ధంగా ఉంటుంది. నగరం మురుగుతో పాటు దిగువ గ్రామాల పశువుల పేడ, బహిర్భూమి, రైతులు చల్లే ఎరువులు అన్నీ కలిసి నది పాడవుతోందట. అందరిదీ తప్పు అంటే ఎవరిదీ తప్పు కాదని అర్థం. ఎవరిదీ తప్పు కానప్పుడు నష్టం మాత్రం దిగువన ఉన్నవాడికే మిగులుతుంది.

ఈ మాటను పరీక్షించి చూడవచ్చు. నీటిలో ఉన్న మలం మనిషిదా, బర్రెదా, కోడిదా అని జన్యు గుర్తుల ఆధారంగా వేరుచేసి చెప్పే పద్ధతి ప్రపంచంలో వచ్చి పాతికేళ్లయింది. మన కాలుష్య నియంత్రణ మండలి నెలనెలా చేసే పరీక్షల్లో దానికి చోటు లేదు. ఎందుకు లేదన్నదే ఈ వ్యాసంలో అడగదలచిన ప్రశ్న.

ముందు మూసీ లెక్క చూద్దాం. వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో పుట్టిన ఈ నది హైదరాబాద్ మధ్య నుంచి పారి నల్లగొండ జిల్లా వాడపల్లి వద్ద కృష్ణలో కలుస్తుంది. 1908 వరద తర్వాత నగరానికి ఎగువన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. ఇక అప్పటినుంచి వానలు లేని నెలల్లో నగరం దాటి కిందికి వచ్చేది ప్రధానంగా నగరం వదిలిన నీళ్లే. 2021లో 31 కొత్త శుద్ధి కేంద్రాలకు 3,866 కోట్ల రూపాయలు మంజూరు చేసినప్పుడు ప్రభుత్వమే చెప్పిన అంకెల ప్రకారం గ్రేటర్ పరిధిలో రోజుకు సుమారు 1,650 మిలియన్ లీటర్ల మురుగు పుడుతుంటే, అప్పటికి ఉన్న 25 కేంద్రాల సామర్థ్యం 772 మిలియన్ లీటర్లు. సగానికి పైగా మురుగుకు శుద్ధి కేంద్రమే లేదన్నమాట. దేశమంతటా ఇదే పరిస్థితి. పట్టణాల్లో రోజుకు 72,368 మిలియన్ లీటర్ల మురుగు పుడుతుంటే నిజంగా శుద్ధి అవుతున్నది 20,236 మిలియన్ లీటర్లేనని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2021 నివేదికలో రాసుకుంది. కొత్త కేంద్రాలు పూర్తయితే నూటికి నూరు శాతం శుద్ధి అని ప్రకటనలు వచ్చాయి. సంతోషమే. కానీ అది నిజమో కాదో తేల్చాల్సింది ప్రారంభోత్సవం శిలాఫలకం కాదు, దిగువన పారే నీరు.

ఇప్పుడు ఆ నీటిని ఎలా పరీక్షిస్తున్నారో చూడండి. ప్రయోగశాలలో నమూనాను 44 డిగ్రీలు దాటిన వేడిలో ఉంచి మల సంబంధ కోలిఫాం బ్యాక్టీరియా ఎంత ఉందో లెక్కగడతారు. 100 మిల్లీలీటర్లలో ఇన్ని అని ఒక అంకె వస్తుంది. స్నానానికి పనికొచ్చే నీటిలో అది 2,500 దాటకూడదు, 500 లోపు ఉంటే మేలు. సాగునీటి విషయంలో పచ్చిగా తినే పంటలకు 1,000 లోపు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1989లో చెప్పింది. శుద్ధి కేంద్రం వదిలే నీటిలో 230 మించకూడదని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లో ఆదేశించింది. ఈ అంకెలన్నీ అవసరమే, వద్దనడం లేదు. అయితే ఈ పరీక్షకు ఒక గుడ్డితనం ఉంది. ఇ.కోలి మనిషి పేగులోనూ ఉంటుంది, ఆవు పేగులోనూ, కుక్క పేగులోనూ, కొంగ పేగులోనూ ఉంటుంది. వేడి రక్తం ఉన్న జంతువు ఏదైనా దాన్ని వదులుతుంది. కాబట్టి ఈ పరీక్ష "మలం ఉంది" అని చెబుతుంది గానీ "ఎవరిది" అని చెప్పలేదు. దొంగతనం జరిగిందని రాసుకుని దొంగ పేరు రాయని పంచనామా ఇది. అలాంటి పంచనామా పట్టుకుని ఊళ్లోకి వస్తే ఎవరి మీద కేసు పడుతుందో మనకు తెలియనిది కాదు. నోరు లేనివాడి మీదే పడుతుంది.

జన్యు గుర్తు పద్ధతి ఆ పేరు రాయగలదు. మనిషి పేగులో బాక్టీరాయిడిస్ అనే రకం బ్యాక్టీరియా కోట్ల సంఖ్యలో ఉంటుంది. గాలి తగిలితే ఎక్కువ కాలం బతకదు కాబట్టి నీటిలో పెరిగి సంఖ్య పెంచుకునే అవకాశం తక్కువ. మనిషి పేగులో ఉండే జాతులు, నెమరువేసే పశువుల పేగులో ఉండే జాతులు ఒకటి కావు, వాటి డీఎన్‌ఏలో చిన్న చిన్న తేడాలుంటాయి. అమెరికాలోని ఒరెగాన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో ఆన్ బెర్న్‌హార్డ్, క్యాథరిన్ ఫీల్డ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 2000లో ఈ తేడాలను పట్టుకున్నారు. మనిషి మలానికి వాళ్లు గుర్తించిన ముక్కకు హెచ్ఎఫ్183 అని పేరు. నీటిని సన్నని జల్లెడలో వడగట్టి, జల్లెడ మీద మిగిలిన దాంట్లోంచి డీఎన్‌ఏ తీసి, కరోనా కాలంలో మనందరికీ పరిచయమైన పీసీఆర్ యంత్రంలో పెడితే ఆ ముక్క ఉందా, ఎంత ఉందో తెలుస్తుంది. అమెరికా పర్యావరణ సంస్థ 2019లో దీన్ని ప్రామాణిక పద్ధతిగా ప్రచురించింది. పశువులకు, పందులకు, కోళ్లకు వేరువేరు గుర్తులున్నాయి. మనిషి పేగు బ్యాక్టీరియాలో కాపురముండే క్రాస్‌ఫేజ్ అనే వైరస్ 2014లో బయటపడింది, అదీ గుర్తుగా పనికొస్తున్నది.

వీటిలో మిరప రైతులకు నవ్వు తెప్పించేది ఒకటుంది. మిరప ఆకుల మీద మచ్చలు తెచ్చే ఒక మొజాయిక్ జాతి వైరస్ మనిషి మలంలో విపరీతంగా ఉంటుందని 2006లో తేలింది. అది మనిషికి ఏ హానీ చేయదు. మనం తిన్న కారం, పచ్చడి, సాస్‌లతో లోపలికి పోయి చెక్కుచెదరకుండా బయటికి వస్తుంది, నీటిలో చాలా కాలం నిలుస్తుంది. ఎక్కడ ఆ వైరస్ కుప్పలుగా ఉంటే అక్కడ మనుషుల మురుగు కలిసినట్టు లెక్క. బర్రెలు మిరపకాయ బజ్జీలు తినవు కదా. గుంటూరులోనో ఖమ్మంలోనో రైతు పండించిన మిరపకాయ నగరం వాడి పొట్టలోంచి తిరిగివచ్చి రైతు పక్షాన సాక్ష్యం చెప్పే రోజు వచ్చిందన్నమాట.

మూసీ మురుగు నగరానిదేనని కళ్లకు కనిపిస్తూనే ఉంది, దానికి ఇంత శాస్త్రం ఎందుకని కొందరు మిత్రులు అంటారు. ముక్కు ఉన్నవాడికెవడికైనా అంబర్‌పేట దాటితే తెలుస్తుంది, నిజమే. కానీ నాగోలు, పీర్జాదిగూడ దగ్గర కనిపించినంత స్పష్టంగా ఇరవై ముప్పై కిలోమీటర్ల దిగువన కనిపించదు. పిల్లాయిపల్లి కాలువ, ధర్మారెడ్డిపల్లి కాలువ, భీమలింగం కత్వ కింద పారే నీళ్లు చెరువుల్లోకి చేరతాయి. అక్కడ గ్రామం ఉంది, పశువులున్నాయి, కోళ్ల ఫారాలున్నాయి, రాత్రిపూట సెప్టిక్ ట్యాంకుల బండ్లు వచ్చి తూము దగ్గర దింపిపోయే మలం కూడా ఉంది. ఆ చెరువులో కోలిఫాం ఎక్కువ వస్తే పంచాయతీ కార్యదర్శి మొదట వేలు చూపించేది ఊరి పశువుల మీదికే. చెరువులోకి కలిసే ఒక్కో వాగు మూతి దగ్గర, ఒక్కో కాలువ చీలిక దగ్గర నమూనా తీసి మనిషి గుర్తు ఎక్కడ పెరుగుతుందో ఎగువకు నడుచుకుంటూ వెళ్తే, దింపిన చోటు దొరుకుతుంది.

ఇంకోటి, బావుల సంగతి. తెలంగాణ భూగర్భ జలాల్లో నైట్రేట్ పరిమితి దాటిన బావులు చాలా ఉన్నాయని కేంద్ర భూగర్భజల మండలి నివేదికలు చెబుతున్నాయి. తాగునీటిలో లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదు. దాటిందంటే వెంటనే వచ్చే మాట "రైతులు యూరియా ఎక్కువ వేస్తున్నారు" అని. యూరియా అతిగా వేసే చోట్లున్నాయి, దాచిపెట్టాల్సిన పని లేదు. అయితే మురుగులోని నత్రజని కూడా నేలలో దిగి నైట్రేట్‌గానే మారుతుంది. మామూలు పరీక్షకు రెండూ ఒకటే. మురుగు కాలువ పక్కన బావి ఉన్న రైతు మీద యూరియా నేరం మోపే ముందు ఆ బావి నీళ్లలో మనిషి గుర్తులు, మిరప వైరస్ ఉన్నాయో లేదో చూడాలి, నత్రజని ఐసోటోపుల పరీక్ష చేయాలి. ఇక్కడొక జాగ్రత్త కూడా అవసరం. బ్యాక్టీరియా మట్టి పొరల్లో వడకట్టుకుపోవచ్చు, అందువల్ల బావిలో బాక్టీరాయిడిస్ గుర్తు దొరకలేదంటే మురుగు చేరలేదని తీర్పు చెప్పడానికి లేదు. వైరస్‌లు చిన్నవి, ఇంకా దూరం పోతాయి. రెండూ చూడాల్సిందే.

ఖర్చు ఎక్కువ, యంత్రాలు లేవు, నిపుణులు లేరు అనేది ప్రభుత్వం వైపు నుంచి వచ్చే మొదటి అభ్యంతరం. ఈ మాట మరే రాష్ట్రంలో అన్నా సరే, హైదరాబాద్‌లో అనడానికి నోరెలా వస్తుంది? 2020లో కరోనా పెరుగుతున్నప్పుడు తార్నాకలోని సీసీఎంబీ, ఐఐసీటీ శాస్త్రవేత్తలు ఇదే నగరపు శుద్ధి కేంద్రాలకు వచ్చే మురుగులోంచి నమూనాలు తీసి, అందులో వైరస్ జన్యు పదార్థం ఎంత ఉందో లెక్కించి, నగరంలో సుమారు 6.6 లక్షల మందికి సోకి ఉంటుందని ఆ ఆగస్టులో అంచనా ప్రకటించారు. మంచి పని చేశారు, ఆ శాస్త్రవేత్తలను అభినందించాలి. కానీ ఒక సంగతి గమనించండి. నగరానికి రోగం వస్తే నగరం మురుగులో జన్యువులు వెతకడానికి యంత్రం, నిపుణులు, డబ్బు అన్నీ దొరికాయి. అదే మురుగు నది దాటి రైతు మడిలోకి వచ్చాక మాత్రం వెతకడానికి ఏమీ దొరకవు. కరోనా కాలంలో జిల్లాల్లో కూడా పీసీఆర్ ప్రయోగశాలలు పెట్టారు. ఆసుపత్రి నమూనాలు, మురుగు నమూనాలు ఒకే గదిలో కలపకూడదు కాబట్టి కొంత ఏర్పాటు కావాలి, నీళ్లలోంచి డీఎన్‌ఏ తీయడంలో శిక్షణ ఇవ్వాలి. అది అసాధ్యమైన పనేమీ కాదు.

చట్టం సంగతి మరీ విచిత్రం. 1974 నీటి కాలుష్య చట్టం 21వ సెక్షన్ కింద అధికారి ఒక ఫ్యాక్టరీ వదిలే నీటి నమూనా తీసేటప్పుడు ఆ ఫ్యాక్టరీ యజమానికి నోటీసు ఇవ్వాలి. అతని ఎదుటే నమూనాను రెండు భాగాలు చేసి, సీలు వేసి, ఇద్దరూ సంతకాలు చేయాలి. యజమాని కోరితే రెండో భాగాన్ని వేరే ప్రయోగశాలకు పంపాలి. కాలుష్యం చేసేవాడికి అన్యాయం జరగకూడదని ఇంత జాగ్రత్త. ఆ నీళ్లు ఎవరి పొలంలోకి పోతాయో ఆ రైతుకు నోటీసు లేదు, రెండో సీసా లేదు, ఫలితం చూపించాలన్న నియమం లేదు. పైగా 2024లో కేంద్రం ఈ చట్టాన్ని సవరించి చాలా నేరాలకు జైలు శిక్ష తీసేసి జరిమానాతో సరిపెట్టింది. వ్యాపారం సులభం కావాలట! నష్టపరిహారం కోసం హరిత ట్రిబ్యునల్‌కు వెళ్లే దారి ఉంది. 2010 చట్టం 15వ సెక్షన్ కింద నష్టపోయిన రైతు దరఖాస్తు పెట్టుకోవచ్చు, నష్టానికి కారణం మొదట తలెత్తిన ఐదేళ్లలోపు పెట్టుకోవాలి. కానీ అక్కడ మొదటి ప్రశ్నే "నీ నష్టానికి కారణం ఎవరు?" అని. దానికి కాగితం మీద జవాబు లేకపోతే పరిహారం ఎవరి దగ్గర వసూలు చేస్తారు? ప్రయోగశాల పద్ధతి గురించి రైతు సంఘం మాట్లాడటమేమిటని ముక్కున వేలేసుకునేవాళ్లకు ఇదే మా జవాబు. పరీక్షలో ఏ అంకె కొలుస్తున్నారన్న దాని మీదే ఎవరు డబ్బు కట్టాలన్నది ఆధారపడి ఉంది.

పటాన్‌చెరు చూశాం కదా. ఇసుకవాగు, నక్కవాగు వెంబడి రైతులు ఏళ్ల తరబడి మొత్తుకున్నారు, 1990లో కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. అక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రం వదిలే నీటిలో సిప్రోఫ్లాక్ససిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని 2007లో లోకానికి చెప్పింది స్వీడన్ శాస్త్రవేత్తలు. మన మండలి అప్పటిదాకా ఆ నీటిలో బీఓడీ, సీఓడీ కొలుస్తూ కూర్చుంది. వెతకని వస్తువు దొరకదు. తర్వాత ఆ నీటిని సుమారు 18 కిలోమీటర్ల పైపులైను వేసి అంబర్‌పేట మురుగు కేంద్రం దాకా తెచ్చారు. అంటే అదీ చివరికి మూసీ ఆయకట్టు రైతుకే. మందులకు లొంగని బ్యాక్టీరియా జన్యువులను కూడా ఇదే పీసీఆర్ యంత్రంలో వెతకవచ్చు, ఆ పని కూడా జరగాలి.

ఇక రెండో అభ్యంతరం మన లోపలి నుంచే వస్తుంది. ఈ పరీక్ష రేపు మన బర్రెల మీదికే తిరిగితే? పాడి రైతు మీద కేసులు పెట్టడానికి వాడుకుంటే? ఈ భయం అర్థం లేనిదేమీ కాదు. కెనడాలో ఒంటారియో రాష్ట్రంలోని వాకర్టన్ అనే చిన్న పట్టణంలో 2000 మే నెలలో తాగునీటి వల్ల 2,300 మందికి పైగా జబ్బు పడ్డారు, ఏడుగురు చనిపోయారు. ప్రమాదకరమైన ఇ.కోలి రకం ఊరి బావుల్లో ఒకదానికి చేరింది. బావి పక్కనున్న పొలంలో వేసిన పశువుల ఎరువులోంచి భారీ వర్షాలకు కొట్టుకొచ్చిందని డీఎన్‌ఏ పోలికతో తేలింది. గుర్తు పశువుదే. మన దగ్గరైతే ఆ రైతును అదే రోజు పోలీస్ స్టేషన్‌లో కూర్చోబెట్టేవాళ్లు. అక్కడ న్యాయమూర్తి ఓకానర్ నాయకత్వంలో విచారణ జరిగింది. ఆ రైతు పాటించాల్సిన పద్ధతులన్నీ పాటించాడనీ అతని తప్పేమీ లేదనీ 2002 నివేదికలో స్పష్టంగా రాశారు. తక్కువ లోతు బావి, అక్కడ తవ్వడానికి అనుమతి ఇచ్చినవాళ్లు, క్లోరిన్ కొలవకుండానే రికార్డుల్లో దొంగ అంకెలు రాసిన నీటి సరఫరా సిబ్బంది, నిఘా వ్యవస్థకు డబ్బు కోసేసిన ప్రభుత్వం, వీళ్లందరి బాధ్యతనూ తేల్చారు. 1996లో ప్రభుత్వ ప్రయోగశాలలు ఆ పరీక్షలు చేయడం మానేసి ప్రైవేటుకు వదిలేశాయి. ప్రైవేటు ప్రయోగశాల చెడ్డ ఫలితాన్ని నీటి సరఫరా సంస్థకే పంపింది, ఆరోగ్య అధికారికి పంపాలన్న నిబంధనే లేదు. అందుకే సంస్థ దాన్ని దాచగలిగింది. ఈ ఉదంతం మనకు రెండు విధాలా పనికొస్తుంది. పరీక్ష పశువును చూపినా రైతే దోషి అని దానంతటదే రుజువు కాదు. ఫలితం ఎవరి చేతికి పోతుందన్నది పరీక్షంత ముఖ్యం.

మన దగ్గర కూడా నిజం మనకు ఎప్పుడూ అనుకూలంగానే వస్తుందని చెప్పలేం. ఒడిశాలో పూరీ జిల్లా గ్రామాల్లో ఈ గుర్తులతో అధ్యయనం చేసినప్పుడు మనుషుల గుర్తులతో పాటు పశువుల గుర్తులు కూడా విస్తృతంగా కనిపించాయి. పశువుల కొట్టం, ఇల్లు పక్కపక్కనే ఉండే ఊళ్లలో అది వింతేమీ కాదు. పేడకుప్ప బావికి దూరంగా వేసుకోవడం, కొట్టం కడిగిన నీళ్లు చేదబావి వైపు పోకుండా చూసుకోవడం మన పనే. దానికి సిగ్గుపడాల్సిన అవసరం లేదు, ఎవరి వాటా ఎంతో తెలిస్తే మన వాటా మనం సరిచేసుకుంటాం. నగరం వాటా కూడా మన నెత్తిన రుద్దితే ఊరుకోం.

పద్ధతిలో లోపాలూ ఉన్నాయి, వాటిని ఇప్పుడే చెప్పుకోవడం మంచిది, లేకపోతే రేపు ఎదుటి వకీలు చెబుతాడు. అమెరికాలో తయారైన గుర్తు ఇక్కడ అంతే కచ్చితంగా పనిచేస్తుందన్న హామీ లేదు. మన దేశంలో సరిచూసినప్పుడు కొన్ని మనిషి గుర్తులు ఇతర జంతువుల మలంలోనూ పలికాయి. నగరం చుట్టూ ఇన్ని కోళ్ల ఫారాలున్నప్పుడు, వీధికి పది కుక్కలున్నప్పుడు ఇది చిన్న సంగతి కాదు. అమెరికా ఆవు మీద పరీక్షించిన గుర్తు మన ముర్రా బర్రె పేడను ఎంత బాగా పట్టుకుంటుందో ఇక్కడే చూసుకోవాలి. అందువల్ల ముందుగా ఇక్కడి మనుషులు, ఆవులు, బర్రెలు, మేకలు, కోళ్లు, కుక్కల నమూనాలు తీసుకుని ఏ గుర్తు నమ్మదగినదో తేల్చి, ఆ ఫలితం బహిరంగపరచాలి. ఇంకో లోపం, పీసీఆర్ బతికున్న సూక్ష్మజీవికీ చచ్చినదానికీ తేడా చెప్పదు. క్లోరిన్ పెట్టి చంపినా డీఎన్‌ఏ కొంతకాలం నీళ్లలో ఉంటుంది. కాబట్టి శుద్ధి కేంద్రం దిగువన మనిషి గుర్తు దొరికినంత మాత్రాన శుద్ధి చేయకుండా వదిలేశారని అనలేం. పాత కోలిఫాం పరీక్ష, కొత్త జన్యు పరీక్ష రెండూ ఒకే నమూనా మీద, కేంద్రంలోకి వచ్చే చోట, బయటికి పోయే చోట, ఆ పక్కన శుద్ధి లేకుండా కలిసే నాలా దగ్గర చేయాలి. అప్పుడు కేంద్రం పనిచేస్తున్నదో, మురుగు పక్కదారిన పోతున్నదో రెండింటి తేడాలో కనబడుతుంది.

ఈ చర్చలో ఎవరూ తలచుకోని ఒక లెక్క కూడా ఉంది. మూసీ మీద మన పెద్దలు కట్టుకున్న కత్వలు సాగుకోసం కట్టినవి. ఒక్కో కత్వ దగ్గర నీళ్లు నిలిచి మడ్డి అడుగుకు చేరుతుంది, నురగ కింద దూకేటప్పుడు గాలి కలుస్తుంది. ఈ కత్వలు దాటుతూ పోయేకొద్దీ మూసీ నీటిలో బీఓడీ, ఇ.కోలి, నులిపురుగుల గుడ్లు తగ్గుతున్నాయని అంతర్జాతీయ పరిశోధకులు నలభై కిలోమీటర్ల మేర కొలిచి రాశారు. నగరం చేయాల్సిన శుద్ధిని ఆయకట్టు రైతు తన కత్వతో, తన మడితో, తన ఒంటితో చేసిపెడుతున్నాడు. శుద్ధి చేయని నీటిలో పనిచేసే కుటుంబాల్లో కొంకిపురుగులు, ఏలికపాముల బెడద ఎక్కువని కూడా హైదరాబాద్ చుట్టుపక్కల చేసిన అధ్యయనమే చెప్పింది. చర్మం దురదలు, గోళ్లు పుచ్చిపోవడం, ఆ నీళ్లలో నాటు వేయడానికి కూలీలు వెనకాడటం, ఇవి ఏ నివేదిక ఖాతాలోకీ రావు. దీనికి రైతుకు ఎవరైనా బిల్లు చెల్లించారా? శుద్ధి కేంద్రం కట్టిన కాంట్రాక్టరుకు మాత్రం నెలనెలా నిర్వహణ ఖర్చు పోతుంది. ఆకుకూర కలుషితం కావడంలో మార్కెట్ పాత్ర ఎంతో కూడా ఎవరూ అడగరు. పాకిస్తాన్‌లోని ఫైసలాబాద్‌లో మురుగునీటితో పండిన కూరగాయలను పొలంలోనూ మార్కెట్లోనూ పరీక్షిస్తే మార్కెట్లో ఉన్నవే ఎక్కువ కలుషితమని తేలింది. మన మార్కెట్లలో ఆకుకూర కట్టల మీద చల్లే నీళ్లు ఎక్కడివో ఒక్కసారి పరీక్షించి చూడండి.

కాబట్టి అడగాల్సింది సూటిగా అడుగుదాం. కాలుష్య నియంత్రణ మండలి మూసీలో, మూసీ కాలువల కింది చెరువుల్లో, పక్క బావుల్లో తీసే నమూనాలకు మనిషి, పశువు, కోళ్ల జన్యు గుర్తుల పరీక్ష కలపాలి. సీసీఎంబీ లాంటి ప్రభుత్వ సంస్థ చేత ఇక్కడి నమూనాలతో గుర్తులను సరిచూపించాలి, ప్రైవేటు కాంట్రాక్టుకు ఇవ్వకూడదు. నమూనా తీసేటప్పుడు ఆయకట్టు రైతుల ప్రతినిధి ఎదుట ఉండాలి, ఫ్యాక్టరీ యజమానికి ఉన్న రెండో సీసా హక్కు రైతుకూ ఉండాలి, ఫలితం పది రోజుల్లో గ్రామ పంచాయతీ గోడకు అంటించాలి. ఆ ఫలితాలు రాకుండా మూసీ కూరగాయల మీద నిషేధాలు, పాడి రైతులకు నోటీసులు ఇవ్వడానికి వీల్లేదు. మురుగు వాటా తేలిన చోట జలమండలి, మున్సిపాలిటీలు ఆ వాటా ప్రకారం పంట నష్టానికీ వైద్యానికీ బావుల మరమ్మతుకూ డబ్బు కట్టాలి.

ఈలోగా మండల కమిటీలు చేయగల పని ఒకటుంది. సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో మండలికి దరఖాస్తు పెట్టి, మీ ఊరికి దగ్గరలోని నమూనా కేంద్రంలో గత మూడేళ్లలో ఏ తేదీన, ఏ చోట, ఏయే పరీక్షలు చేశారో, వచ్చిన అంకెలేమిటో, ఆ అంకెల మీద ఎవరికి నోటీసు ఇచ్చారో రాతపూర్వకంగా అడగండి. సమాధానం 30 రోజుల్లో రావాలి. వచ్చిన కాగితాలు, రాకపోతే దరఖాస్తు రశీదు, జిల్లా కార్యాలయానికి పంపండి. కాలువ, కత్వ, చెరువు, బావి పేర్లు విడివిడిగా రాయండి, ట్యాంకర్లు మలం దింపే చోట్లు తెలిస్తే తేదీతో సహా ఫోటో తీసి జత చేయండి.